చేయించిన తుపాకా, చెక్కించిన తుపాకా?

పర్లాకిమిడి మనవడు:
టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది మొన్న వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, "కస్టమ్ రైఫిల్ బిల్డ్ చేశాను బావా" అని. బారెల్ ఒక చోట, ట్రిగ్గర్ ఒక చోట ఆర్డర్ పెట్టి, ఆదివారం గ్యారేజీలో కూర్చుని బిగించుకున్నాడట. అది చూసినప్పటి నుంచి మా తాతగారి మాట ఒకటి బుర్రలో తిరుగుతోంది. ఆయన ఇక్కడి జమీందారీ బంగళాలో తుపాకులు తుడిచి నూనె పెట్టే పనిలో ఉండేవారు. ఆ మాట ఇది: "కొన్న తుపాకి చేతికొస్తుంది, చ...ంచిన తుపాకి చెక్కిలికొస్తుంది." చుక్కలున్న చోట చేయించినా, చెక్కించినా? మొదటిదైతే తుపాకి మొత్తం, రెండోదైతే వెనక చెక్క మాత్రమే. ఎవరైనా ఎక్కడైనా విన్నారా?

బరంపురం మాస్టారు:
చెక్కించిన. సందేహమే లేదు. చెక్కించిన, చెక్కిలి, ఆ ద్విత్వం పలికి చూడండి, చెవికే తెలుస్తుంది. పైగా ఇంకో సంగతి ఉంది. నోటి మాట అరిగేటప్పుడు అరుదైనది వాడుకలోకి జారుతుంది గాని వాడుకలోది అరుదుగా మారదు. చెక్కించిన అన్నది చేయించిన అయిపోవచ్చు, అటునుంచి ఇటు రాదు.

రాయగడ లేత్:
మాస్టారూ, తాతగారు అనుప్రాస కోసం తుపాకులు తుడవలేదు. నేను ముప్పై ఏళ్లుగా లేత్ మీద ఉన్నాను, నాకు తెలిసిన లెక్క ఇది. చెక్క ఎంత బాగా చెక్కినా బారెల్ మరలు రిసీవర్‌కి, అంటే బారెల్ వెనక బిగిసే ఇనుప భాగానికి, తిన్నగా కూర్చోకపోతే గుండు తిన్నగా పోదు. రిసీవర్ ముఖాన్ని లేత్‌లో పెట్టి సమం చెయ్యాలి, వెనక నుంచి మూసే బోల్టు చెవులు రెండూ సమానంగా ఆనేదాకా అరగదియ్యాలి, తూటా కూర్చునే చాంబర్ లోతు గేజి పెట్టి చూసుకోవాలి. అక్కడ లెక్క థౌలలో ఉంటుంది, అంగుళంలో వెయ్యో వంతు. ఆ పని ఆ తుపాకి కోసమే జరిగితే అది చేయించినది. లేకపోతే కొన్నదానికి కొత్త చొక్కా తొడిగినట్టే.

గుణుపూర్ కోడలు:
చేయించిన అనే మాట మీద అంత బరువు మోపకండి. మన ఇళ్లలో "అమ్మాయికి గొలుసు చేయించాం" అంటాం, అది బరంపురంలో షోకేసులోంచి తీసి తూకం వేయించుకుని తెచ్చినదే. కంసాలి మొహం కూడా చూసి ఉండం. బంగారం దగ్గర "కొన్నాం" అంటే ఎందుకో చిన్నతనం. కాబట్టి మాటలో "ఇంచు" అనే ప్రత్యయం ఉంది గదా అని కొలతిచ్చి చేయించినట్టు కాదు.

జయపురం పాత ఎన్‌సీసీ:
దానికి అచ్చం ఎదురు ఉదాహరణ నా దగ్గర ఉంది. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు". ఇక్కడ యజమాని ఒక్క ఇటుక కూడా పెట్టలేదు, అయినా కట్టించి చూడు అనలేదు. అంటే ఇంచు లేకపోయినా పని చేయించినవాడే కర్త. ఆ లెక్కన మనవడి బావమరిది బిల్డ్ చేశాను అనడం తప్పేమీ కాదు, మన సామెతకి ఆ హక్కు ఉన్నప్పుడు టెక్సాస్‌కి ఎందుకుండదు.

బరంపురం మాస్టారు:
సామెతలో లయ కోసం పోయిందండీ. ఇంచు విలువ తెలియాలంటే పోతన దగ్గరికి వెళ్లాలి. "పలికెడిది భాగవతమట, పలికించు విభుండు రామభద్రుండట". పలకడం ఒకరిది, పలికించడం ఒకరిది, ఆ ఇంచులోనే మొత్తం భక్తి ఉంది. నేను పలికాననే మాట ఎంత నెమ్మదిగా పక్కకి తప్పించాడో చూడండి. తుపాకి చేసినవాడికి ఆ అణకువ ఉంటే...

గుణుపూర్ కోడలు:
మాస్టారూ, "పలికించెడివాడు" కదా? చిన్నప్పటి నుంచి నా నోటికి అలాగే వచ్చు.

బరంపురం మాస్టారు:
మీ నోటిదే కాదు, నూటికి తొంభై మంది నోటిదీ అదే. నేను అచ్చులో చూసింది మాత్రం విభుండు.

రాయగడ లేత్:
ఛందస్సు చూస్తే తేలిపోతుంది కదా.

బరంపురం మాస్టారు:
అదే తేలదు! చు వి భుం అన్నా, చె డి వా అన్నా రెండు లఘువులు, ఒక గురువు. రెండూ సగణమే. తర్వాతి డు రా మ రెండిట్లోనూ జగణం, కందానికి అక్కడ కావలసిందే. యతి ప-భ, అదీ కదలదు. పోతన మనల్ని కావాలనే ఇలా వదిలేశాడేమో అనిపిస్తుంది. నా మట్టుకు నాకు విభుండే. వాడు అంటే ఎవడైనా కావచ్చు, విభుడంటే ఒక్కడే.

పర్లాకిమిడి మనవడు:
అయ్యా, నా చుక్కల సంగతి...

కొమ్ముపని వీధి:
మనవడు గారూ, మాదీ పర్లాకిమిడే, కొమ్ముపని చేసే ఇల్లు. మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. పాత ఇంగ్లీషు రైఫిళ్లలో చెక్క ముందు కొసన నల్లగా మెరిసే ముక్క ఉంటుంది చూడండి, అది చాలావాటికి కొమ్మే. తాతగారు నూనె పెట్టినవాటిలో అలాంటివి ఉండే ఉంటాయి. అలాంటి పని చేయించుకునేవాళ్లు చెక్క దగ్గరే పట్టుబట్టేవారు. లండన్ పనివాళ్ల పద్ధతి ఏమిటంటే, ఇనుముకి దీపం మసి పూసి చెక్క గాడిలో దింపుతారు, పైకి తీస్తారు, నల్లగా అంటిన చోట ఉలితో ఒక పొర గీకుతారు, మళ్లీ మసి, మళ్లీ దింపడం. గాడి అంతటా మసి సమంగా అంటేదాకా అదే పని. కొమ్ము మీద కొంగ మెడ తిప్పేటప్పుడు నేను ఆకురాయితో ఎన్నిసార్లు వెనక్కి వెళ్తానో నాకు తెలుసు కాబట్టి ఇది చదివినప్పుడు వేళ్లు లాగాయి. నా ఓటు చెక్కించినకే.

రాయగడ లేత్:
మసి పూసి చూడ్డం మా దగ్గరా ఉంది, బేరింగు కూర్చోబెట్టేటప్పుడు నీలం రంగు పూస్తాం. అది చెక్కకే సొంతం కాదు. అయినా ఒప్పుకుంటాను, మంచి పని.

జయపురం పాత ఎన్‌సీసీ:
లేత్ గారూ, మీ వాదంలో ఒక చిల్లు. లండన్‌లో రిగ్బీ లాంటి పెద్ద పేరున్న తుపాకుల కంపెనీలు కూడా బోల్టు రైఫిళ్లకి యాక్షన్, అంటే రిసీవరూ బోల్టూ కలిసిన భాగం, సొంతంగా చేసుకోలేదు, జర్మనీలో మౌజర్ నుంచి తెప్పించుకున్నారు. 1911లో వచ్చిన .416 రిగ్బీ కూడా మౌజర్ యాక్షన్ మీద కట్టిందే. మొత్తం మొదటి నుంచి చేస్తేనే కస్టమ్ అంటే లండన్ రైఫిళ్లు సగం ఎగిరిపోతాయి. ఇప్పటి అమెరికా సంగతి ఇంకా వింత. కస్టమ్ యాక్షన్ అని ఎక్కువ డబ్బు పెట్టి కొనేవాటిలో చాలా వాటికి 1962 నాటి రెమింగ్టన్ 700 కొలతలే ఉంటాయి. ఎందుకంటే బజార్లో దొరికే స్టాకులూ (వెనక చెక్కలు) ట్రిగ్గర్లూ దానికే సరిపోతాయి. అందరికీ సరిపోయేలా చేసినదాన్ని ఒక్కడి కోసం చేసినది అంటున్నారు, అదీ ముచ్చట.

రాయగడ లేత్:
యాక్షన్ ఎక్కణ్ణించి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. కంసాలి బంగారం గనిలోంచి తవ్వుకు రావక్కర్లేదు. వచ్చిన దాన్ని ఎవరు సరి చేశారు, ఈ బారెల్‌కి ఈ చాంబర్‌ని ఎవరు కోశారు, అది చూడాలి. శావేజ్ 110 రైఫిల్‌కి 1958 నుంచీ బారెల్ నట్టు ఉంది, గేజి పెట్టి నట్టు బిగించుకుంటే ఇంట్లోనే బారెల్ మారిపోతుంది. బావమరిది చేసిందీ అలాంటిదే అయి ఉంటుంది. తప్పని కాదు, దానికి కూర్పు అనే మాట ఉంది. కూర్చిన తుపాకి అనండి, గొడవ లేదు.

గుణుపూర్ కోడలు:
కూర్చిన అంటే దండలా ఉందండి, బాగుంది. కానీ నాకు మూడో అనుమానం. "చెప్పిన తుపాకి" అయి ఉండొచ్చుగా? లండన్ దర్జీల మాట బీస్పోక్, గుడ్డ తానుని ఫలానావారి కోసం ముందే మాట్లాడి ఉంచడం. మనం ఆటో మాట్లాడుకున్నాం, మేళం మాట్లాడుకున్నాం అనమూ? అచ్చం అదే. మా పక్కింటి ఒడియా ఆవిడ బరాద్ ఇచ్చాను అంటుంది, ఆర్డర్ చెప్పాను అని. తాతగారు దొరల చుట్టూ తిరిగినవారు, ఆ మాట విని "చెప్పించిన" అని ఉంటారు.

బరంపురం మాస్టారు:
అమ్మా, చెప్పించిన అంటే ఇంకొకరి చేత మాట చెప్పించడం. ఆర్డరు చెప్పడానికి అది పొసగదు. కానీ ఆటో మాట్లాడుకోవడం మాత్రం అద్భుతం, నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. ఒప్పుకోకుండా మెచ్చుకుంటున్నాను.

పర్లాకిమిడి మనవడు:
ఇంకో అనుమానం, చెక్కిలికొస్తుంది అంటే ఏమిటి అసలు? తుపాకి బుగ్గకి రావడం ఏమిటి?

జయపురం పాత ఎన్‌సీసీ:
అది మాత్రం తాతగారు నూటికి నూరు పాళ్లు తెలిసి అన్న మాట. మాకు ఎన్‌సీసీలో .22 ఇచ్చేవారు, అందరికీ ఒకే కొలత. నాకు మెడ పొడుగు. భుజానికి ఆనించాక కన్ను సైట్ (గురి చూసే ముక్క) ఎత్తుకి దిగాలంటే తల వంచి దవడ నొక్కాల్సి వచ్చేది, నాలుగు రౌండ్లకే బుగ్గ కమిలేది. కొలిచి చేసినదైతే కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, కళ్లు తెరిస్తే సైట్ ఎదురుగా ఉంటుంది. తల తుపాకి దగ్గరికి వెళ్లక్కర్లేదు, తుపాకే చెక్కిలి దగ్గరికి వస్తుంది. ట్రిగ్గర్ నుంచి వెనక కొసకి ఎంత, బుగ్గ ఆనే చోటు ఎంత కిందికి, కుడిచేతివాడికి చెక్క ఎంత కుడికి వంగాలి, ఇవన్నీ కొలుస్తారు. ఇందుకోసమే అక్కడక్కడా కీళ్లతో కదిలే కొలత తుపాకి ఉంటుంది, మనిషి చేత ఎత్తించి దానితో కొలతలు పట్టుకుంటారు. ఫ్యాక్టరీవి చాలావరకు పదమూడున్నర అంగుళాల చుట్టూ ఉంటాయి, మన ఎత్తుతో వాళ్లకి పని లేదు. మన ఈశాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ కూడా అంతే, లైసెన్సు ఉన్నవాళ్లందరికీ ఒకటే చెక్క. మనమే మార్పించుకుందామా అంటే 1959 ఆయుధాల చట్టంలో తయారీకే కాదు, మార్పుకీ మరమ్మతుకీ కూడా లైసెన్సున్న పనివాడే కావాలి.

కొమ్ముపని వీధి:
అయితే చెక్కించినే. బుగ్గకి వచ్చేది చెక్క కదా, బారెల్ కాదు కదా.

రాయగడ లేత్:
బుగ్గకి వచ్చి గురికి రాకపోతే?

జయపురం పాత ఎన్‌సీసీ:
పులుల వేటగాడు జిమ్ కార్బెట్ .275 రిగ్బీ రైఫిల్ తీసుకోండి. 1907లో చంపావత్ పులిని కొట్టినందుకు బహుమతిగా ఇచ్చారు, చెక్క మీద వెండి రేకు మీద ఆయన పేరూ ఇచ్చినాయన పేరూ ఉంటాయి. బహుమతి అన్నాక ఆయన కొలత ఇచ్చే అవకాశం ఎక్కడ? అయినా ఆయన చేతిలో అది ఎవరి చేయించిన తుపాకికి తీసిపోయింది? పేరు చెక్కిస్తే చెక్కించిన తుపాకి అవుతుందంటే మాత్రం నేను లేచి దణ్ణం పెడతాను.

బరంపురం మాస్టారు:
చెక్కు అంటేనే కావ్యాల్లో బుగ్గ, చెక్కుటద్దాలు గుర్తులేవా? కాబట్టి చెక్కించిన, చెక్కిలి రెండిట్లోనూ ఒకే ధాతువు దాగి ఉందని నా నమ్మకం.

గుణుపూర్ కోడలు:
దోసకాయ చెక్కు తీయడం కూడా ఆ ధాతువేనా మాస్టారూ? చెక్కుచెదరకుండా అన్నప్పుడు చెదరనిది బుగ్గా, తొక్కా?

బరంపురం మాస్టారు:
అది వేరే దారం పెట్టండి, నాకు రెండు రోజులు పడుతుంది.

కొమ్ముపని వీధి:
మా ఊళ్లో బడిపంతులుగా చేసిన గిడుగు వారు ఇప్పుడుంటే, పుస్తకాలు మూసి ముసలమ్మల్ని అడగండిరా అనేవారు. సవరల మాటలు ఆయన వాళ్ల నోట విని రాసుకున్నవే.

పర్లాకిమిడి మనవడు:
అదే చేశాను. కాశీబుగ్గలో మా పెద్దత్తకి ఫోన్ చేసి, తాత మాట చెప్పు అత్తా అని రికార్డు పెట్టాను. కింద జతచేశాను వినండి. ఆవిడకి చ పలకదు, స అంటుంది, పైగా పళ్లు లేవు. సరిగ్గా ఆ మాట దగ్గరే వెనక కుక్కర్ విజిల్ వేసింది.

రాయగడ లేత్:
హెడ్‌ఫోన్స్ పెట్టి ఆరుసార్లు విన్నాను. సేయించిన. య స్పష్టంగా ఉంది.

కొమ్ముపని వీధి:
క్క వినబడలేదా మీకు? సెక్కించిన. విజిల్‌కి ముందు గొంతు ఆగింది, ఆ ఆగడమే ద్విత్వం.

గుణుపూర్ కోడలు:
ఆవిడ చివర్లో ఏదో అంది, అది వినలేదా ఎవరూ? "తుపాకి కాదురా, మీ తాత పడక్కుర్చీ గురించి అనేవోడు" అన్నట్టుంది నాకు.

పర్లాకిమిడి మనవడు:
అయ్యో. మళ్లీ ఫోన్ చేస్తే పడుకుందట. ఈలోగా బావమరిది జవాబిచ్చాడు. వాడి రైఫిల్‌కి చెక్కే లేదట, అల్యూమినియం ఛాసిస్, బుగ్గ ఆనే ముక్క మర తిప్పితే పైకి కిందికి జరుగుతుందట.

జయపురం పాత ఎన్‌సీసీ:
అంటే తుపాకి చెక్కిలికొచ్చింది, చేయించలేదు, చెక్కించలేదు. మర తిప్పించాడు.

బరంపురం మాస్టారు:
బావమరిదిని కాస్త పక్కన పెట్టండి. నిన్న రాత్రి పాత ప్రతి ఒకటి తీశాను, అందులో విభుండు దగ్గర పేజీకి చెదలు పట్టి ఉంది. ఎవరి దగ్గరైనా 1950కి ముందు అచ్చయిన భాగవతం ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టగలరా?