ఫోర్బ్స్ పోటీలో టాస్క్ మధ్యలో మబ్బులు ముదిరితే ఎప్పుడు దిగిపోవాలి?

ఫ్లాట్‌లాండ్_కొత్త:
అన్నలూ, జనవరిలో ఆస్ట్రేలియాలోని ఫోర్బ్స్‌లో నా మొదటి హ్యాంగ్ గ్లైడింగ్ (ఇంజిన్ లేని రెక్కకు వేలాడుతూ ఎగరడం) పోటీ. టాప్‌లెస్ గ్లైడర్ (రెక్కపైన స్తంభం, తీగలు లేని రకం), టగ్ (లాగే చిన్న విమానం) వెనక టో లాంచ్. 150 కి.మీ. దాకా క్రాస్ కంట్రీ చేశాను గానీ అన్నీ మంచి రోజులే. రెండు సందేహాలు. పడమట మబ్బులు పెరిగిపోతుంటే ఏది చూసి ఆగాలి? టాస్క్ (ఆ రోజుకు పెట్టిన రేసు) ఆపేస్తే పాయింట్లు ఎలా లెక్కేస్తారు? ముందే దిగినవాడు పూర్తిగా నష్టపోతాడా?

మబ్బునీడ:
ఉదయం 11 గంటలకే క్యుములస్ (దూదికుప్పలాంటి మబ్బు) వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉంటే మధ్యాహ్నానికి ముదురుతుందనే అనుకో. తల కాలీఫ్లవర్‌లా గట్టి అంచులతో ఉందంటే ఇంకా పెరుగుతోంది. ఆ అంచు దూదిపీచులా చెదిరితే పైన మంచు కట్టిందని అర్థం. ఆపైన వాన కాళ్లు దిగడానికి ఎంతోసేపు పట్టదు.

చాలామంది తప్పుచేసేది తమ నెత్తిమీది మబ్బును చూసి నిర్ణయించుకోవడంలో. కిందనుంచి అన్నీ ఒకేలా నల్లగా, చదునుగా కనిపిస్తాయి. అది 2 కి.మీ. మందమో 8 కి.మీ. మందమో తెలియదు. అందుకే 15-20 కి.మీ. అవతలి మబ్బును పక్కనుంచి చూడు, నీ మీదున్నదీ దాదాపు అంతే ఉంటుంది. నేలమీద నీడలు కూడా చూస్తుండు. విడివిడి మచ్చలు కలిసిపోయి ఎండ తునకలు మాత్రమే మిగిలాయంటే వెనక్కి తిరగాల్సిన సమయం వచ్చేసింది.

అన్నిటికన్నా మోసం చేసేది నున్నటి లిఫ్ట్, అంటే కుదుపుల్లేకుండా పైకి లేపే గాలి. ఎక్కడా తిరగకుండా నేరుగా పోతున్నా వేరియో (ఎక్కే, దిగే వేగం చూపే మీటర్) సెకనుకు 2, 3 మీటర్లు పైకి చూపిస్తుంటే సంబరపడకు. వానలోంచి దిగిన చల్లగాలి నేలమీద నాలుగు దిక్కులా పాకుతూ వెచ్చటి గాలిని పైకి ఎగదోస్తుంది. వాన 20-30 కి.మీ. దూరాన ఉన్నా ఆ ఈదురుగాలి నిన్ను అందుకోగలదు. జనవరికి అక్కడ గోధుమ కోతలైపోయి పొలాలు ఎండి ఉంటాయి కాబట్టి గోధుమరంగు దుమ్ముగోడ కనిపించవచ్చు. కనిపించేదాకా ఆగకు. నేలగాలి ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే పెద్ద పొలం చూసుకుని దిగు. గ్లైడర్ మడిచి సంచిలో పెట్టడానికే అరగంట కావాలి.

స్టార్ట్‌గేట్:
పాయింట్ల సంగతి నేను చెప్తా. ఎఫ్‌ఏఐ (అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య) నిబంధనల ప్రకారం హ్యాంగ్ గ్లైడింగ్‌లో టాస్క్ ఆపితే, ప్రకటించిన సమయం నుంచి ఒక స్టార్ట్ గేట్ ఎడం (రేసు మొదలుపెట్టడానికి ఇచ్చే రెండు సమయాల మధ్య తేడా) వెనక్కి వెళ్లి అక్కడిదాకానే లెక్కేస్తారు. ఒకే గేట్ ఉంటే 15 నిమిషాలు వెనక్కి. గేట్లు 15 నిమిషాలకొకటి ఉండి 3:40కి ఆపారనుకో, 3:25కి నువ్వెక్కడున్నావన్నదే లెక్క. ఆ చివరి పావుగంట నల్లమబ్బు కిందికి దూసుకెళ్లినవాడికి దానివల్ల ఒక్క మీటరు కూడా కలవదు.

ఎత్తుకూ విలువ ఉంది. ఆ సమయానికి గాల్లో ఉన్నవాళ్లకు, గోల్ (రేసు ముగిసే చోటు) కన్నా ఎంత ఎత్తులో ఉంటే దానికి 5 రెట్లు దూరం కలుపుతారు. 1,200 మీటర్లు పైనుంటే 6 కి.మీ. ఆపిన టాస్క్‌కు పాయింట్లు రావాలంటే ఎవరైనా గోల్ చేరి ఉండాలి, లేదా రేసు 90 నిమిషాలు జరిగి ఉండాలి (మహిళల ఛాంపియన్‌షిప్‌లో 60).

ముందే దిగినవాడికి దిగినచోటి దూరమే వస్తుంది, ఎత్తు బోనస్ ఉండదు. నిజమే, కొంత నష్టం. అందుకే దిగే ముందు రేడియోలో లెవల్ చెప్పు. 1 అంటే బాగుంది, 2 అంటే ఇబ్బందిగా ఉన్నా ఎగరొచ్చు, 3 అంటే ప్రమాదం. లెవల్‌తో పాటు నువ్వున్న చోటు, ఎత్తు కూడా చెప్పు. టాస్క్ డైరెక్టర్ నేలమీద ఉంటాడు, నీ కళ్లతోనే ఆయనకు తెలియాలి. మొహమాటపడి మౌనంగా దిగిపోతే నీ పాయింట్లూ పోతాయి, వెనకొచ్చేవాళ్లకూ హెచ్చరిక అందదు.

ఫ్లాట్‌లాండ్_కొత్త:
చాలా థాంక్స్ అన్నా. ఒకవేళ అప్పటికే మబ్బు అడుగుకు దగ్గరైపోయి, లాగేస్తుంటే?

మబ్బునీడ:
అడుగుకు 300 మీటర్లు ఉండగానే మధ్యనుంచి తప్పుకుని అంచువైపు, వెలుతురు కనిపించే దిక్కుకు పో. వీజీ (సెయిల్ బిగువు మార్చే తాడు) సగానికి వదులు. పూర్తిగా బిగించి ఉంటే గ్లైడర్ మాట వినదు. చేతిలోని కంట్రోల్ బార్ లోపలికి లాగి గట్టిగా పట్టుకో, కుదుపుల్లో అది ముందుకు తేలిపోయి వేగం పడిపోతేనే గ్లైడర్ తిరగబడే ప్రమాదం. డ్రోగ్ (వెనక తెరుచుకునే చిన్న బ్రేకు పారాచూట్) ఉంటే వేగంగా ఎగురుతున్నప్పుడే పనిచేస్తుంది, నెమ్మదిగా ఉంటే దండగ. రిజర్వ్ పారాచూట్ దీనికి మందు కాదు, బలమైన లిఫ్ట్‌లో అది కూడా నిన్ను పైకే తీసుకుపోతుంది. 2007 ఫిబ్రవరిలో ఇదే న్యూ సౌత్ వేల్స్‌లో, మనిల్లా అనే ఊరి దగ్గర పారాగ్లైడింగ్ పైలట్ ఎవా విష్నియెర్స్కాను ఉరుముల మబ్బు సుమారు 9,900 మీటర్లకు లాక్కుపోయింది. స్పృహ తప్పినా ఆమె బతికింది. అదే రోజు ఇంకో పైలట్ చనిపోయాడు.

తడిసెయిల్:
వాన గురించి ఒకటి కలుపుతా. లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) మీద చినుకులు పూసల్లా నిలిచాయంటే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్క గాల్లో నిలవని వేగం) పెరుగుతుంది, గ్లైడ్ పడిపోతుంది. మామూలు వేగంతో దిగడానికొస్తే నేలకు మూడు మీటర్ల పైన ఒక రెక్క ఒక్కసారి జారిపోతుంది. కాబట్టి వీజీ పూర్తిగా వదిలి, అప్రోచ్ అంతా వేగంగా ఎగిరి, ఫ్లేర్ (దిగేటప్పుడు ముక్కు పైకెత్తి ఆపడం) కొంచెం ముందే, గట్టిగా ఇవ్వు.

దిగాక గాలి ఎక్కువగా ఉంటే ముక్కును గాలికి ఎదురుగా నేలకు నొక్కి పట్టు. క్రాస్‌బార్ (రెక్కలను చాచి పట్టే అడ్డగొట్టం) టెన్షన్ వదిలేస్తే సెయిల్ ఉబ్బు తగ్గి రెక్క లేవదు. ఆ తర్వాత బేస్ బార్ మూల విప్పి గ్లైడర్‌ను నేలకు పరిచెయ్. తడిగా మడవాల్సి వస్తే ఆ రాత్రికే హ్యాంగర్లో విప్పి ఆరబెట్టు, స్ప్రాగ్ (రెక్క వెనక అంచును ఎత్తి పట్టే లోపలి కడ్డీ) జిప్పులు కూడా తెరిచి ఉంచు. అక్కడ నీరు నిలిస్తే సెయిల్‌కు నల్లమచ్చలు పడతాయి.