వందేళ్ల బడికి ర్యాంపు ఎక్కడ పెట్టాలి? డబ్బులొచ్చాయి, సలహా కావాలి

వరండా టీచర్ (ప్రశ్న):

నమస్తే అండీ. నేను చాదర్‌ఘాట్ అవతల ఒక ఎయిడెడ్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. బడి పేరు రాయను. రాస్తే రేపటి నుంచి స్టాఫ్‌రూమ్‌లో నాకు టీ దొరకదు.

బిల్డింగ్ 1920ల నాటిది. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక, మళ్లీ సర్దుకుంటున్న రోజుల్లో లేచిన కట్టడాల తరహానే. రాతి పునాది, రెండడుగుల మందం సున్నం గోడలు, ముందు ఆర్చీల వరండా, పదహారు అడుగుల ఎత్తు గదులు, గర్డర్ల మధ్య ఇటుక వంపులతో పైకప్పు. గదిలో ఏం మాట్లాడినా రెండుసార్లు వినిపిస్తుంది. నా పాఠం ఒకసారి వింటేనే నిద్రొస్తుందని పిల్లల ఫిర్యాదు, రెండుసార్లంటే ఇక మీరే ఊహించుకోండి.

అసలు సంగతికొస్తాను. ఈ ఏడాది ఏడో తరగతిలో ఒక పాప చేరింది. వీల్‌చైర్‌లో వస్తుంది. వరండా ఎక్కడానికి ఐదు మెట్లు. రోజూ పొద్దున పదో తరగతి పిల్లలిద్దరు కుర్చీతో సహా ఎత్తి పైన దించుతారు. మొదటి వారం ప్రేయర్‌లో ఆ పిల్లలిద్దరినీ ముందుకు పిలిచి అందరితో చప్పట్లు కొట్టించాను. ఒకరోజు ఆ పాపే నాతో అంది: "టీచర్, నేను పొద్దున్నుంచి నీళ్లు తాగను. తాగితే బాత్రూమ్‌కి మళ్లీ ఆ అన్నలనే పిలవాలి కదా." ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ఈలోపు పూర్వ విద్యార్థుల బ్యాచ్ ఒకటి 22 లక్షలు పోగు చేసింది. వాళ్లు తెచ్చిన కాంట్రాక్టర్ ప్లాన్ ఇలా ఉంది: గోడలన్నీ చెక్కి సిమెంట్ ప్లాస్టరింగ్, కింద నున్నటి టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఆరు గదులకు ఏసీలు. ర్యాంపు వెనకవైపు, బాత్రూముల పక్కన, చెత్త కుండీలున్న చోట. అన్నీ కలిపి వేసవి సెలవుల్లో 45 రోజుల్లో ముగిస్తానంటున్నాడు. హెచ్ఎం గారికి టెన్షన్. వాట్సాప్ గ్రూపులో అప్పుడే రెండు పార్టీలు తయారయ్యాయి.

ర్యాంపు ముందు పెడితే ఆర్చీల అందం పోతుందని ఒకరు, వెనక పెడితే ఆ పిల్లకు అవమానమని ఇంకొకరు. మెట్ల ఎత్తు కొలిస్తే రెండడుగుల తొమ్మిది అంగుళాలు ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు, చేయించినవాళ్లు ఉంటే చెప్పండి. ముందు దేనికి ఖర్చు పెట్టాలి? గోడలను ఏం చేయాలి?

సున్నం గానుగ:

టీచర్ గారూ, మా నాయన మేస్త్రీ. నేను పాత కట్టడాల రిపేర్ల దగ్గర సూపర్‌వైజర్‌ని. ర్యాంపు గురించి తెలిసినవాళ్లు చెప్తారు, నేను గోడ గురించే మాట్లాడతా.

ఆ గోడకు సిమెంట్ తగలనివ్వకండి. సున్నం గోడ నేలలోంచి తేమ పీల్చుకుంటుంది, ఎండకి మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంట్ పూశారంటే ఆ తేమకి బయటికి దారి ఉండదు. లోపలే ఉండి ఉప్పు పూసి, రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి పెచ్చులు లేస్తాయి. ఊడేటప్పుడు సిమెంట్ ఒక్కటే రాదు, వెనకున్న ఇటుక ముఖం కూడా పట్టుకొస్తుంది. ఒకసారి వెళ్లి చూడండి, మీ గోడల కింద మూడడుగుల వరకే పెచ్చులూడి ఉంటే అక్కడ ఎప్పుడో ఎవరో సిమెంట్ పూసి ఉండొచ్చు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో పెద్ద ఎత్తున రిపేర్లు మొదలైనప్పుడు ఇదే పని: మధ్యలో ఎప్పుడో పూసిన సిమెంట్ పొరలు జాగ్రత్తగా తీసి మళ్లీ సున్నమే పెట్టారు.

డంగు సున్నం అంటే కొత్త కుర్రాళ్లు అదేదో దేవరహస్యం అనుకుంటారు. సున్నం నీళ్లలో బాగా నానాలి, ఎన్నాళ్లు నానితే అంత మెత్తన. ఇసుకతో కలిపి గానుగలో రుబ్బాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు అందులో పడాలి. పూశాక తడి ఆరనివ్వకుండా గోనెసంచులు కప్పి చూసుకోవాలి. మా నాయన రాత్రి పడుకునే ముందు కూడా లేచి వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూసొచ్చేవాడు, జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లు చూసినట్టు.

మీ కాంట్రాక్టర్ 45 రోజుల లెక్క తప్పేది ఇక్కడే. మే నెల ఎండలో బయటి గోడకు సున్నం పూస్తే గబగబా ఆరి బీటలిస్తుంది. వానల్లోనూ కుదరదు. దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా సరైన కాలం. బడి నడుస్తుండగానే ఒక్కో గోడ చేసుకోండి. వేసవిలో పైకప్పు పని పెట్టుకోండి: నీళ్లు పోయే తూములు శుభ్రం చేయించి, పిట్టగోడలో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా తీయించండి. ఊరికే పట్టి లాగితే గోడ కూడా వస్తుంది, కోసి, వేరు చచ్చాక తవ్వి, ఆ సందు సున్నంతో నింపాలి. మీ కప్పు కారడం సగం అక్కడితో ఆగుతుంది.

రెండు చక్రాలు:

టీచర్, ఆ పాప నీళ్లు తాగని సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నేనూ పదేళ్లు అలాగే చదువుకున్నా. నన్ను మోసిన అబ్బాయిల్లో ఒకడు ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే "నిన్ను ఎంత మోశానో" అంటాడు. మంచివాడే. కానీ మోయించుకున్నదాన్ని నేను, అది వాడి గొప్ప కథ అయింది.

ర్యాంపు లెక్క తేలిక. అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు. మీ 33 అంగుళాలకు 33 అడుగులు, పైన కింద కుర్చీ తిప్పుకునే చదును వేరే. పదిహేనుకి ఒకటి వాలు ఇస్తే ఇంకా హాయి, చిన్నపిల్ల చేతులు కదా. రెండు వైపులా పట్టుకునే కడ్డీ రెండు ఎత్తుల్లో ఉండాలి, 900 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 760 దగ్గర ఒకటి. నున్నటి గ్రానైట్ వద్దు, వానలో నేను జారి పడ్డాను కాబట్టి చెప్తున్నా. ర్యాంపును పాత గోడకు అతికించకండి, చిన్న సందు వదిలి విడిగా నిలబెట్టండి. ఎప్పుడైనా తీసేయాలన్నా కట్టడానికి గీత పడదు.

వెనక చెత్త కుండీల దగ్గర మాత్రం ఒప్పుకోకండి. అందరూ వచ్చే దారిలోనే ఆమె రావాలి. లేదా ఆమె వచ్చే దారినే అందరి దారి చేయండి.

ర్యాంపు కట్టేసి చేతులు దులుపుకుంటే కుదరదు. గది తలుపు దగ్గర గడప ఎంత ఎత్తుంది? పాత తలుపులు రెండు రెక్కలవి, మనం ఒక రెక్కే తెరుస్తాం, అందులో కుర్చీ పట్టదు. కనీసం 900 మిల్లీమీటర్లు ఖాళీ కావాలి. బాత్రూమ్‌లో కుర్చీ గుండ్రంగా తిరగడానికి 1.5 మీటర్ల జాగా, బయటికి తెరుచుకునే తలుపు. దానికి తాళం వేసి తాళంచెవి అటెండర్ జేబులో ఉంచడం, లోపల చీపుళ్లు పెట్టడం మన దేశాచారం, అది మాన్పించండి. కంప్యూటర్లు మేడ మీద ఉంటే లిఫ్ట్ గురించి ఇప్పుడు కొట్టుకోకుండా కంప్యూటర్లనే కిందికి దించండి.

మీ గదుల్లో మాట రెండుసార్లు వినిపిస్తుందని నవ్వుతూ రాశారు. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లవాడికి అది నరకం. వెనక గోడకు మందపాటి గుడ్డ బోర్డులు వేలాడదీయండి, తేడా మీకే తెలుస్తుంది. చూపు తక్కువున్నవాళ్ల కోసం ఐదు మెట్ల అంచులకూ పసుపు పట్టీ వేయించండి.

కమిటీలో ఎవరైనా "ఒక్క పిల్ల కోసం ఇంత ఖర్చా" అంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 16వ సెక్షన్ చూపించండి. ప్రభుత్వ నిధులు తీసుకునే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు భవనాన్ని అందరికీ అందుబాటులో ఉంచాలి. ఆ చట్టం లెక్కలో వైకల్యాలు 21 రకాలు, అంతకుముందు 1995 చట్టంలో ఏడే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక రాసింది మన శామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

ప్లాట్ నంబర్ 9:

ఎందుకండీ ఈ తంటా. కూలగొట్టి మూడంతస్తులు లేపితే లిఫ్ట్ వస్తుంది, ఏసీ వస్తుంది, గదులూ పెరుగుతాయి. సెంటిమెంట్‌తో బడి నడవదు.

సున్నం గానుగ:

అన్నా, 22 లక్షలకు మూడంతస్తులు ఎవరు లేపుతారో నంబర్ పంపు, నా ఇల్లు కూడా ఇచ్చేస్తా. పైగా ఆ బిల్డింగ్ వారసత్వ జాబితాలో ఉందేమో ముందు చూసుకోవాలి. తెలంగాణలో 2017 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది.

ఫ్యాన్ రాడ్:

ఏసీల మాట ఒక్కటి చెప్పి పోతా, నాది కరెంటు పని. పదహారు అడుగుల గదికి ఫాల్స్ సీలింగ్ వేశారంటే పైన కప్పు దగ్గరుండే చిన్న కిటికీలు, అదే రోషన్‌దాన్లు, మూసుకుపోతాయి. వేడి గాలి పోయేదే అక్కణ్నుంచి. మీ రోషన్‌దాన్లలో సగం ప్లైవుడ్ కొట్టేసి ఉంటాయి, పందెం. అవి తెరిపించి తాళ్లు బాగుచేయించండి. ఫ్యాన్లకు పొడవు రాడ్లు వేసి తొమ్మిదడుగుల దగ్గరికి దించండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారుది 30 దగ్గర. నలభై ఫ్యాన్లు మారిస్తే 1800 వాట్లు మిగులుతాయి. పైకప్పుకు తెల్ల సున్నం కొట్టించండి, 2023లో సర్కారు తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేదీ ఎండను తిప్పికొట్టే తెల్ల కప్పు సంగతే. సోలార్ కావాలంటే పాత కప్పు మీద వద్దు. ఏదైనా ఆర్‌సీసీ బ్లాక్ ఉంటే దాని మీద పెట్టండి, కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు, రోజుకు నాలుగు యూనిట్లు అనుకోండి.

వరండా టీచర్:

అందరికీ థ్యాంక్స్. ఆలస్యంగా రాస్తున్నా, కొలతలు తీసి రాద్దామని.

ఫ్యాన్ రాడ్ గారూ, పందెం మీరే గెలిచారు. పద్దెనిమిది రోషన్‌దాన్లలో పదకొండు ప్లైవుడ్‌తో మూసి ఉన్నాయి. ఒకదాని వెనక పావురం కాపురం, దాన్ని మాత్రం పిల్లలెగిరేదాకా కదపొద్దని ఆరో తరగతి తీర్మానించింది.

శనివారం మేస్త్రీ ఒకాయన్ని పిలిచి నీళ్ల ట్యూబుతో ఆవరణ మొత్తం మట్టం చూశాం. పాపను కూడా రమ్మన్నాను. గేటు దగ్గర్నుంచి తూర్పు వైపు వేపచెట్టు దాకా నేల మెల్లగా పైకి లేస్తోందట, ఇన్నేళ్లూ నడిచినా మా ఎవరికీ తెలియలేదు. కుర్చీ తోసుకునే ఆ పిల్లకు తెలుసు. "అటు వెళ్లేటప్పుడు చేతులు నొప్పి పుడతాయి టీచర్" అంది. వేపచెట్టు దగ్గర వరండా ఎత్తు 18 అంగుళాలే! పదిహేనుకి ఒకటి వాలు ఇచ్చినా ఇరవై రెండున్నర అడుగులతో అయిపోతుంది. చివరి ఆర్చీలోంచి నేరుగా వరండాలోకి. సైకిళ్లు పెట్టేదీ అక్కడే కాబట్టి సగం మంది పిల్లలు ఆ వైపే వస్తారు. ప్రేయర్ గంట, నీళ్ల కుళాయిలు కూడా అటు మారిస్తే అందరి దారీ అదే అవుతుంది. గేటు నుంచి అక్కడిదాకా గరుకు షాబాద్ బండలు పరిపిస్తాం.

సుద్దముక్కతో నేల మీద ర్యాంపు గీశాం, నాలుగడుగుల వెడల్పు. పాప చూసి ఐదు కావాలంది. ఎందుకంటే పక్కన తన ఫ్రెండ్ నడవాలట, వెనక నుంచి తోస్తే మాట్లాడుకోవడం కుదరదట. ఐదే గీశాం.

కమిటీలో ఏసీలు పోయాయి, టైల్స్ పోయాయి. కాంట్రాక్టర్ కూడా పోయాడు. వేసవిలో ర్యాంపు, బాత్రూమ్, పైకప్పు. గోడలు దసరా తర్వాత. కంప్యూటర్లు నిన్ననే దించాం, ఖర్చు పదహారు సమోసాలు.

ఒక్కటి తేలలేదు. ఏడో తరగతి గదికి మూడంగుళాల టేకు గడప. కోయడానికి హెచ్ఎం గారు ససేమిరా అంటున్నారు, గడప మీద కాలే పెట్టనివ్వని ఇంట్లో పెరిగినాయన. అటూ ఇటూ ఏటవాలు చెక్క వేయాలంటే ఒక్కో వైపు మూడడుగులు పోతుంది, లోపల మొదటి బెంచీ అడ్డం. పాత టేకు పని తెలిసిన వడ్రంగి ఎవరైనా ఉంటే చెప్పండి. గడపను పగలగొట్టకుండా ఊడదీసి, నేల మట్టానికి దించి కూర్చోబెట్టగలడా అని అడగాలి. వచ్చినాయనకు టీ స్టాఫ్‌రూమ్‌లోనే, ప్రస్తుతానికి నాకింకా ఇస్తున్నారు.