నీరు పల్లమెరుగు: ఏ పల్లం?

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" సామెతలో 'ఎరుగు' అంటే తెలుసు అనేనా? నీళ్లకేం తెలుస్తుందని మా అబ్బాయి వాదిస్తున్నాడు.

— తెలుసు అనేనండీ. 'ఎరుగును'లో చివరి 'ను' జారిపోయింది. "సూర్యుడు తూర్పున ఉదయించును" లాంటి తద్ధర్మ క్రియ, ఎప్పుడూ ఉండే స్వభావాన్ని చెబుతుంది. "ఆ బాకీ ఎప్పుడు తీరుస్తాడో దేవుడెరుగు" అని ఇప్పటికీ అంటాం కదా.

— ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి నా చూపు 'పల్లం' మీద పడింది. సామెత మిట్ట ఊసే ఎత్తలేదు చూడండి! గురుత్వ స్థితిజ శక్తి (ఎత్తున ఉన్నందువల్ల వస్తువుకుండే శక్తి) అంటే ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం అని పిల్లలు గడగడా అప్పజెప్తారు. ఆ ఎత్తు ఎక్కడి నుంచి అంటే మాత్రం నేలచూపులే.

శ్రీశైలం నిండితే పేపర్లో 885 అడుగులు అని వేస్తారు. అది సముద్రమట్టం నుంచి కొలిచిన లెక్క. కరెంటుకి కావాల్సింది వేరు. టర్బైన్ (నీటి తోపుకి తిరిగే చక్రం) దాటిన నీళ్లు చేరేది సాగర్ జలాశయంలోకి. దాని నిండు మట్టం 590. రెండూ నిండుగా ఉంటే తేడా 295 అడుగులు, దాదాపు 90 మీటర్లు. ఒక ఘనపు మీటరు నీరు, అంటే వెయ్యి కిలోలు, అంత కిందికి దిగితే సుమారు 8.8 లక్షల జౌళ్ల శక్తి. మన ఇంటి కరెంటు మీటరు భాషలో పావు యూనిట్, అదీ నష్టాలేవీ లేవనుకుంటే. సాగర్ మట్టం తగ్గితే, శ్రీశైలంలో చుక్క పెరగకపోయినా, కొంతమేర ఆ పావు పెరుగుతుంది. పైనున్న నీటి శక్తి ఎంతో కింది పల్లాన్ని బట్టి తేలుతుందన్నమాట.

— అయితే శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో నీటిని వెనక్కి తోడే ఏర్పాటు ఉంది కదా మాస్టారూ? అక్కడ సామెత తప్పినట్టేనా?

— తప్పలేదండీ, అక్కడ నీటిని ఎక్కించేది యంత్రం. ఆ 150 మెగావాట్ల టర్బైన్లు ఆరింటినీ పంపుల్లా తిప్పి నడపొచ్చు. ఘనపు మీటరు ఎక్కించడానికి పావు యూనిట్ కంటే ఎక్కువే ఖర్చవుతుంది, దింపితే అంతకంటే తక్కువే వస్తుంది. కరెంటు మిగిలిన వేళ ఎక్కించి, చాలని వేళ దింపుకోవడానికే ఆ ఏర్పాటు.