జూలై ఎండలో ట్రౌట్: ఆరు శనివారాలైంది, ఒక్కటీ పడలేదు

కొలరాడో కొత్తకాపు:
అందరికీ నమస్తే. టెక్సాస్ నుంచి కొలరాడోకి మారి ఏడాదైంది. జూన్‌లో ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టాను, అంటే ఎరకి బదులు పురుగులా కట్టిన ఉత్తుత్తి ఎర (ఫ్లై) విసిరి చేపలు పట్టడం. తొమ్మిదడుగుల 5-వెయిట్ (మధ్యరకం) రాడ్, రీలు, వేడర్స్ (నీళ్ళలో దిగే తడవని ప్యాంటు), లైసెన్సు అన్నీ ఉన్నాయి. లేనిది ట్రౌట్ చేపే. ఎస్టెస్ పార్క్ ఆనకట్ట కింద బిగ్ థాంప్సన్ నది కాన్యన్‌కి (కొండల మధ్య లోయ) ఆరు శనివారాలుగా వెళ్తున్నాను. ఇంట్లో అందరూ తెమిలేసరికి పది దాటుతుంది, పదకొండున్నరకి నీళ్ళలో దిగి నాలుగింటి దాకా ఉంటాను. ఒడ్డున మా ఆవిడ, పిల్లలు పులిహోర తింటూ నన్ను చూస్తుంటారు.

చిన్నప్పుడు మా ఊరి చెరువులో వానపాము గుచ్చి గాలం వేస్తే సాయంత్రానికి గిన్నెడు జెల్లలు తెచ్చేవాణ్ణి. ఇక్కడేమో మా ఏడేళ్ళ పాప "నాన్నా, నీళ్ళని ఎందుకు కొడుతున్నావు?" అని అడిగింది. రెండుసార్లు మాత్రం చేప పైకి వచ్చి, నా ఫ్లై దాకా వచ్చి, వెనక్కి తిరిగిపోయింది. వాడేది ఎల్క్ హెయిర్ క్యాడిస్ (క్యాడిస్ అనే పురుగులా జింక వెంట్రుకలతో కట్టిన ఫ్లై), 14 సైజు. ఫ్లై మార్చాలా? ఇంకా దూరం విసరడం నేర్చుకోవాలా?

రాజోలు గాలం:
తమ్ముడూ, ఫ్లై బాగానే ఉంది, కావాలంటే 16 సైజుకి దిగు (నంబరు పెరిగితే ఫ్లై చిన్నదవుతుంది). దూరం విసరడం మాత్రం అసలొద్దు. చేప వచ్చి వెనక్కి తిరిగిందన్నావు చూడు, నీ జబ్బేంటో అదే చెప్పేసింది.

నీకూ చేపకీ మధ్యలో ఉరవడి ఉంటుంది. నువ్వు నలభై అడుగులు విసిరితే లైన్ (గాలం దారం) అంతా ఆ ఉరవడి మీద పడుతుంది, అది లైన్ని లాగుతుంది, లైన్ ఫ్లైని లాగుతుంది. నీళ్ళ మీద వెనకాల చిన్న గీత కనిపిస్తుందే, అదన్నమాట. నిజమైన పురుగు వాగుతో పాటు పోతుంది గానీ వాగుని కోసుకుంటూ పోదు. ట్రౌట్ ఆ తేడా పట్టేస్తుంది. కాబట్టి దగ్గరికి వెళ్ళు. ట్రౌట్ ఎదురునీటికి మొహం పెట్టి ఉంటుంది, నువ్వు దిగువ నుంచి, వంగి, మెల్లగా వెళ్తే పదిహేను అడుగుల దాకా రానిస్తుంది. రాడ్ ఎత్తి పట్టుకుని, లైన్ నీళ్ళకి తగలకుండా, రాయి వెనక నురగ తిరిగే చోట ఫ్లైని వదులు. మూడు సెకన్లు దానంతటది తేలితే చాలు. నేను మొదటి ఏడాది పట్టినవన్నీ ఈ మూడు సెకన్లలోనే.

రెండోది, నువ్వు వెళ్ళే వేళ. ఇది ఫ్లై కంటే పెద్ద సంగతి. ట్రౌట్ చల్లనీళ్ళ చేప. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 65 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే నేను సర్దుకోవడం మొదలుపెడతాను, 68 అయితే ఎవరూ గాలం వెయ్యకూడదు. అప్పుడు పట్టి వదిలినా, నీ కళ్ళ ముందు ఈదుకుంటూ పోయి తర్వాత చస్తుంది. జేబులో థర్మామీటర్ పెట్టుకో. నువ్వు దిగే వేళకి నేను ఇంటికొచ్చి భోంచేస్తుంటాను. ఆరింటికల్లా నీళ్ళ దగ్గరుండు.

అక్కడికెళ్ళాక వెంటనే విసరకు. మోకాలి లోతులో ఒక రాయి తీసి తిప్పి చూడు. అడుగున ఇసుక రేణువులు, బియ్యపు నూకంత గులకరాళ్ళు అంటించి కట్టిన చిన్న గొట్టాలు కనిపిస్తాయి, గోరంత పొడవు. ఒకటి కాసేపు కదపకుండా చూస్తే తల బయటికి పెడుతుంది. అదే క్యాడిస్ పిల్ల. రెక్కలొచ్చాక దాని రూపమే నువ్వు వాడే ఫ్లై. చూసి, రాయిని ఎలా ఉందో అలాగే పెట్టేయి.

నీటి ప్రవాహం ఎంతుందో బయల్దేరే ముందు నెట్‌లో చూసుకో. లెక్క క్యూసెక్కుల్లోనే ఉంటుంది, మన పేపర్లలో లాగే. ధవళేశ్వరం దగ్గర పది లక్షలంటే మొదటి ప్రమాద హెచ్చరిక అని విని పెరిగినవాణ్ణి, ఇక్కడ నూట పాతిక చూసి నవ్వొచ్చింది. దిగాక తెలిసింది, కొండవాగులో ఆ నూట పాతికే కాళ్ళు లాగేస్తుందని.

చేపల వదిన:
గాలం గారు చెప్పింది నిజం. నేనొకటి కలుపుతాను. జూలైలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కొండ మీద ఉరుములు మొదలవుతాయి. గ్రాఫైట్ రాడ్‌లో కరెంటు పారుతుంది, ఉరుము వినిపించగానే రాడ్ కింద పెట్టి కారెక్కండి. కాన్యన్‌లో "వరదొస్తే పైకెక్కండి" అని బోర్డులుంటాయి, వాటిని ఫొటోల కోసం పెట్టలేదు. 1976 జూలై 31 రాత్రి ఆ కాన్యన్‌లో వరదకి 144 మంది పోయారు. ఒడ్డున పిల్లలుంటారు కాబట్టి చెప్తున్నాను. ఆకాశం నల్లబడి నీళ్ళు పెరిగితే కారూ, పులిహోర డబ్బా కూడా వదిలేసి గట్టు పైకి ఎక్కేయండి.

ఆదివారం బాబాయ్:
పట్టడం, వదిలేయడం. దీనికి ఇంత ఖర్చా? మా అమ్మకి చెప్తే "నీకేమైందిరా" అంటుంది.

రాజోలు గాలం:
మా అమ్మా అదే అంది బాబాయ్. ఆనకట్ట కింద ఆ ముక్కలో ఎర వేయడం కుదరదు, ట్రౌట్ పడితే వదలాల్సిందే. కూర కావాలంటే చేపల్ని తెచ్చి పోసే చెరువులకి వెళ్ళండి, రోజుకి నాలుగు ట్రౌట్లు తెచ్చుకోవచ్చు. పులుసు మాత్రం పెట్టకండి, గరిటె తగిలితే విడిపోతుంది. ఉప్పు, కారం పట్టించి పెనం మీద వేయించండి.

తమ్ముడూ, హుక్కు మొన దగ్గరుండే చిన్న ముల్లుని ప్లయర్‌తో నొక్కేయి. చేపని పట్టుకునే ముందు చేతులు తడుపుకో, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడొస్తుంది.

కొలరాడో కొత్తకాపు:
నిన్న శనివారం. తెల్లారకముందే పాపని మాత్రం లేపి తీసుకెళ్ళాను. ఆరింటికి నీళ్ళు 54. ముందు రాయి తిప్పాం. ఆ గొట్టాలు చూసి పాప "ఇసుక చొక్కా వేసుకుంది" అంది, ఇంకో పది రాళ్ళు తిప్పించింది. నేను వంగి వంగి నడిచి నడుము పట్టేసింది. ఏడుంబావుకి, పన్నెండడుగుల దూరంలో, రాయి వెనక, ఫ్లై కనిపించకుండా పోయింది. చేప పట్టిందన్న కంగారులో రాడ్ ఎక్కువ లాగేశాను, చేప తప్పించుకుంది. ఎనిమిదిన్నరకి ఇంకోటి. బ్రౌన్ ట్రౌట్, జానెడు ఉంటుంది. పక్కన ఎర్రచుక్కలు, ఒక్కోదాని చుట్టూ తెల్లటి వలయం. చేతులు తడుపుకోవడం గుర్తుంది గానీ ఫొటో తీయడం గుర్తులేదు. పాప వేలితో ముట్టుకోబోయేలోపే జారిపోయింది.

పదకొండుకి థర్మామీటర్ 66 చూపించింది. రాడ్ విప్పేశాను. అప్పుడే మా ఆవిడ, చిన్నది పులిహోరతో దిగారు. ఈసారి వేడివేడిగా నేనూ తిన్నాను.