వయొలిన్ నేర్చుకునే పిల్లలను పాడేవాళ్ల పక్కన వాయించే పక్కవాద్యానికి ఎప్పుడు పంపాలి?

కొర్లగుంట అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. తొమ్మిదో ఏట నుంచి ఇక్కడే తిరుపతిలో ఒక మాస్టారి దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. వర్ణాలు మూడు కాలాల్లో (వేగాల్లో) వాయిస్తుంది, కీర్తనలు నలభై దాకా వచ్చు. పద్దెనిమిది నిండేదాకా పక్కవాద్యం మాటే ఎత్తొద్దన్నారు మాస్టారు. ధనుర్మాసంలో మా వీధి గుడి కచేరీకి వయొలిన్ ఆయన రాలేకపోయారు. పాడేది మా బంధువే. "పాపను పంపమ్మా, గంటసేపే కదా" అన్నారు. మాస్టారికి చెప్పకుండా పంపాను. తప్పు నాదే.

పాప ఎప్పుడూ 5 శ్రుతిలో, అంటే ఎత్తు స్థాయిలో, సాధన చేస్తుంది. పాడే ఆయనది ఒకటిన్నర, బాగా కింది స్థాయి. అక్కడికి పోయాక తెలిసింది. పావుగంటలో తీగలన్నీ దించుకుంది. తీగ బిగించే బిరడా నిలవక జారిపోతుంటే మృదంగం ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు, రాస్తే ఆగింది. కీర్తనలు గడిచాయి. ఖరహరప్రియ రాగం ఆలాపన కూడా ఎట్లాగో అయిపోయింది. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో మాత్రం రెండుసార్లు ఎడుపు, అంటే తాళంలో పాట అందుకునే చోటు, తప్పింది. పాడే ఆయన ఏమీ అనలేదు, ఒకసారి తిరిగి చూశారు. ఇంటికొచ్చి పెట్టె మంచం కిందికి తోసేసింది. నాలుగు రోజులైంది, తెరవలేదు.

ఇప్పుడు త్యాగరాజ ఆరాధనకు ఇంకొకరు పిలుస్తున్నారు. పంపాలా, వద్దా?

మృదంగం తాత:
పంపమ్మా. ఎడుపు తప్పని వాళ్లెవరో చూపించు, పోయి దండం పెట్టి వస్తాను. పక్కవాద్యం అంటే రెండో రకం పని అనుకుంటున్నారు ఈ కాలం పిల్లలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో పుట్టారు. వయొలిన్ ఒక్కటే ముందు పెట్టుకుని సోలో కచేరీ చేసింది 1938లో, అదీ ఎక్కడో కాదు, మన చిత్తూరు పక్కనున్న వేలూరులో. అప్పటికి ఆయనకు నలభై అయిదు. విజయనగరం అమ్మాయి కన్యాకుమారి గారు గాయని ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్ల తరబడి వయొలిన్ వాయించారు, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆ పక్కన కూర్చోవడమే పెద్ద చదువు. ఇంట్లో తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుంటే ఆ చదువు రాదు.

ఫిడేలు టీచర్:
తాతగారూ, మీ మీద గౌరవం ఉంచుకునే కాదంటున్నా. ద్వారం వారి సోలో సంగతి చెప్పారు సరే, ఆయన ఇరవై ఆరేళ్లకే విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులు. అప్పటికే ఆ చెయ్యి కుదిరిపోయింది. పదహారేళ్ల చెయ్యి అట్లా కాదు.

నేను రోజూ చూసేది చెప్తా. త్వరగా కచేరీలకు పోయిన పిల్లలకు కమాను (తీగల మీద లాగే బద్ద) లాగడం కురచైపోతుంది. పాడేవాళ్లు పాట లైనును ఎట్లా మార్చి ఏ సంగతి వేస్తారో తెలియదు కాబట్టి భయంతో కమాను మధ్యలో నాలుగు వేళ్ల జాగాలోనే గీకుతుంటారు. వయొలిన్‌కే తగిలించే కాంటాక్ట్ మైక్ వచ్చాక ఆ గీకుడు కూడా హాలంతా వినిపిస్తుంది, ఇక నిండు కమాను లాగాల్సిన పనేముంది? రెండోది, పాడేవాళ్ల వెనకాల అర అక్షరం ఆగి స్వరం అందుకోవడం అలవాటవుతుంది. కచేరీలో అది చెల్లుతుంది. ఒంటరిగా తోడి రాగం వాయించమంటే గాంధారం (గ స్వరం) ఊగే చోట చెయ్యి దిక్కులు చూస్తుంది, ముందు పాడేవాళ్లు లేరు కదా.

శ్రుతి విషయం కూడా చిన్నది కాదు. వేళ్ల జాగా మారదు, తీగ బిగువు మారుతుంది. 5 నుంచి ఒకటిన్నరకు దిగితే తీగ వదులై వేలి కింద తేలిపోతుంది. గట్టిగా నొక్కితే అపస్వరం, కమాను బరువు వేస్తే గరగర. ఏడేళ్లు ఒకే బిగువుకు అలవాటైన పిల్లను పావుగంటలో మార్చి కూర్చోబెట్టారంటే, పాప తప్పు ఏముంది? నిజానికి ఖరహరప్రియ గట్టెక్కించిందంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

నా మాట: ముందు ఆకాశవాణి ఆడిషన్‌కు కూర్చోబెట్టండి. తిరుపతి స్టేషన్ ఉండనే ఉంది. వాళ్లిచ్చే బి గ్రేడ్ వచ్చాక పక్కవాద్యం.

చిత్తూరు బావ:
అందరూ కళ గురించే మాట్లాడుతున్నారు. ఎంత ఇచ్చారో అడిగారా? మా వాడు మూడేళ్లు తిరిగాడు. ఒకచోట శాలువా, ఇంకోచోట కొబ్బరికాయ, అరటిపళ్లు. ఆటోకు మేమే పెట్టుకున్నాం. ఇంట్లో శాలువాలు పదకొండు ఉన్నాయి, ఎవరికైనా చలి వేస్తే చెప్పండి.

ఫిడేలు టీచర్:
బావగారూ, నవ్వొచ్చింది గానీ నిజం. పద్దెనిమిది దాటాక కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కు పెట్టించండి. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు.

సప్తగిరి ప్యాసింజర్:
చెన్నై పంపండి, గొడవ వదిలిపోతుంది. రైల్లో మూడున్నర గంటలు.

మృదంగం తాత:
పోయి ఏం చేస్తుంది నాయనా? డిసెంబరు కచేరీల సీజన్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ కుర్చీల ముందు వాయిస్తుంది. అదీ నాలుగైదేళ్లు తిరిగాక. ఇక్కడ కచేరీలకు మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, కొండ మీద నాదనీరాజనం వేదిక ఉన్నాయి. వినేవాళ్లున్న ఊరు ఇది.

టీచరమ్మా, కురచ కమాను సంగతి ఒప్పుకుంటా. ఈ మధ్య నేనూ చూస్తున్నా. కానీ ఆడిషన్ గదిలో ఎదురుగా మనిషి ఉండడు. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం నడుస్తుండగా వయొలిన్ ఒళ్లో పెట్టుకుని చేత్తో తాళం వేస్తూ కూర్చుంటుంది చూడు పాప, ఆ పది నిమిషాల్లో ఒంటికి పట్టే లయ ఎక్కడ నేర్పిస్తావు?

ఫిడేలు టీచర్:
అది వినడానికి వయొలిన్ ఒళ్లో ఉండాలా తాతగారూ? ముందు వరసలో కూర్చుని తాళం వేస్తే పట్టదా?

మృదంగం తాత:
పట్టదు.

కొర్లగుంట అమ్మ:
అందరికీ నమస్కారం. నిన్న పాప తనే మాస్టారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేసింది. తిడతారని నేను వంటింట్లో నిలబడి వింటున్నా. ఆయన అడిగింది ఒకటే: "ఏ శ్రుతి?" ఒకటిన్నర అనగానే కాసేపు ఏమీ అనలేదంట. తర్వాత, "నెలరోజులు ఒకటిన్నరలోనే మొదటి పాఠాల సరళీలు వాయించు, మాయామాళవగౌళ రాగంలో, నిండు కమానుతో. ఆరాధనకు మీ అమ్మను తీసుకుని నాతో రా" అన్నారు. వాయించడానికా, వినడానికా అని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పొద్దున అయిదింటికి బిరడా కిర్రుమన్న చప్పుడుకు మెలకువ వచ్చింది. తాతగారూ, ఆ సుద్దముక్క మీదేనా?

మృదంగం తాత:
నాది కాదమ్మా. కానీ నా జేబులోనూ ఒకటుంటుంది.