బాకీ తీరేదాకా పెళ్ళి ఫొటోలు ఆపుకోవడం న్యాయమేనా?

తెనాలి స్టూడియో:
మాఘమాసంలో ఒక పెళ్ళి కవర్ చేశాను. 1,40,000కి మాట్లాడుకున్నాం. అడ్వాన్స్ 40,000, పెళ్ళి రోజు 30,000 ఇచ్చారు. మిగతా 70,000 ఆల్బమ్ చేతికొచ్చాక అన్నారు. ఆల్బమ్‌కి ఫొటోలు ఏరుకోమని అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. తప్పంతా అక్కడే జరిగింది. ఇప్పుడు పార్టీ ఫోన్ ఎత్తడు. ఫొటోలు ఇంట్లోనే ఉన్నాయి, ఇక ఆల్బమ్‌తో వాళ్ళకేం పని? అందుకే ఇకమీదట పైసాతో సహా ముట్టేదాకా వాటర్‌మార్క్ (ఫొటో మీద అడ్డంగా వేసే స్టూడియో ముద్ర) లేని ఫొటో ఒక్కటి కూడా ఇవ్వను. అది తప్పని మా బావ వాదిస్తున్నాడు. మీరేమంటారు?

గుంటూరు క్యాండిడ్:
కరెక్ట్ అన్నా. నేను సెలెక్షన్‌కి చిన్న సైజు ఫొటోలే ఇస్తాను, నెంబర్లు వేసి.

పెళ్ళికూతురి అన్న:
మీ బావగారు చెప్పిందే నిజం. మా చెల్లి పెళ్ళి ఫొటోలు 15,000 బాకీ ఉందని ఏడు నెలలు ఆపేశారు. మేం ఆ డబ్బు ఆపింది వాళ్ళు వీడియో ఇవ్వనందుకు. ఈలోగా మా తాతయ్య పోయారు. ఆయన పట్టుపంచె కట్టుకుని, వణికే చేత్తో అక్షింతలు వేసిన ఫొటో ఒకటి ఉంది. పెళ్ళి రోజు కెమెరా వెనక స్క్రీన్ మీద నేనే చూశాను. పెద్దకర్మకి ఆ ఒక్కటి ఇవ్వమని అడిగితే ‘బ్యాలెన్స్ క్లియర్ చేయండి’ అన్నారు. చివరికి ఓటరు కార్డు మీది ఫొటో పెద్దది చేయించి దండ వేశాం. మొహం మసకమసకగా వచ్చింది. ఆ మాట అన్న మనిషిని నేను ఈ జన్మలో క్షమించను.

తెనాలి స్టూడియో:
మీ బాధ అర్థమైంది. నేనైతే ఆ ఒక్క ఫొటో ఇచ్చేవాడిని. కానీ టైలర్ కుట్టుకూలి ఇవ్వందే బట్ట ఇస్తాడా? మా దగ్గరికి వచ్చేసరికే సెంటిమెంట్ ఎందుకు?

ఆడిటర్ గుమాస్తా:
టైలర్ సంగతి వేరండీ. బట్ట మీరిచ్చింది, దాని మీద ఆయన పనిచేశాడు. కూలి ముట్టేదాకా ఆపుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఉంది. ఫొటోలకి అది నేరుగా అతకదు. పైగా 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదే, వేరేగా రాసుకుంటే తప్ప.

తెనాలి స్టూడియో:
‘డబ్బిచ్చి’ అన్నారు కదా. ఇవ్వలేదు కదండీ!

ఆడిటర్ గుమాస్తా:
ఇస్తానని ఒప్పుకుని తీయించుకున్నా అదే లెక్క. అందుకే చెప్తున్నా, ముందు కాగితం రాసుకోండి. పెళ్ళికి ముందే ఎంత, ఫొటోలు ఇచ్చేటప్పుడు ఎంత, ఆల్బమ్‌కి ఎంత అని. చివరికి మిగిలేది 20 శాతం మించకూడదు. మీరు 70,000 చివరిదాకా ఉంచుకోవడమే పొరపాటు. రెండోది, ఆధార్, పాన్‌తో ఉద్యమ్‌లో, అంటే చిన్న సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్లో రిజిస్టర్ అవ్వండి, ఫీజు లేదు. అయితే పని ఒప్పుకోవడానికి ముందే ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థ పనికి 45 రోజులు దాటి డబ్బు ఆపడానికి వీల్లేదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీ తగవులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది.

గుంటూరు క్యాండిడ్:
పెళ్ళివాళ్ళ మీద కేసు పెడితే ఊళ్ళో మళ్ళీ పని ఎవరిస్తారండీ?

పెళ్ళికూతురి అన్న:
వీడియో టైముకి ఇవ్వకపోతే మాకెవరు వడ్డీ ఇస్తారో అదీ చెప్పండి.

షీట్ డిజైనర్:
తెనాలి స్టూడియో సార్, ఒకటి అడుగుతాను. ఆ పెళ్ళికి డ్రోన్ ఎగరేసిన అబ్బాయికి, ఆల్బమ్ డిజైన్ చేసినవాళ్ళకి డబ్బులిచ్చేశారా?

తెనాలి స్టూడియో:
పార్టీ ఇవ్వగానే ఇస్తానని చెప్పాను. ఈ ఫీల్డ్ సంగతి వాళ్ళకీ తెలుసు. దీనికీ దానికీ సంబంధం లేదు.

షీట్ డిజైనర్:
అసలు సంబంధం ఉన్నది దీనికే సార్. నేను ఆల్బమ్ షీట్లు డిజైన్ చేస్తాను, షీటుకి 100. తలంబ్రాల పేజీలో ఒక్కో ముత్యం మీద మెరుపు తగ్గించి, పెళ్ళికూతురి మొహం మీద పడ్డ ఫ్లాష్ సరిచేస్తూ రాత్రి రెండింటిదాకా కూర్చుంటాను. ఫైల్ పంపేశాక నా చేతిలో ఏమీ ఉండదు. వాటర్‌మార్క్ పెట్టి పంపితే ‘నన్నే నమ్మవా’ అంటారు. మూడు స్టూడియోల దగ్గర నాకు 22,000 రావాలి. ముగ్గురిదీ ఒకటే మాట, ‘పార్టీ ఇవ్వలేదు’. ఆ పార్టీ ఎవరో నాకు తెలియదు, బేరం మాట్లాడింది నేను కాదు, అడ్వాన్స్ తీసుకున్నదీ నేను కాదు. మీకు 70,000 వచ్చాయి సార్. అందులోంచి ముందు ఎవరికిచ్చారు?

తెనాలి స్టూడియో:
మాటలు జాగ్రత్త. లెన్స్ ఈఎంఐ కట్టాను. షాపు అద్దె కట్టాను. నేనేమైనా విందులు చేసుకున్నానా? నష్టం వస్తే నేనొక్కడినే మోయాలా?

షీట్ డిజైనర్:
లాభం వస్తే షీటుకి 100కి మించి నాకు రాదు. మరి నష్టంలో వాటా ఎందుకు? గుమాస్తా గారూ, మీరు చెప్పిన 45 రోజులు నాకూ వర్తిస్తాయా?

ఆడిటర్ గుమాస్తా:
మీరు ఉద్యమ్‌లో ఉంటే వర్తిస్తాయమ్మా. మీ పని తీసుకున్నది స్టూడియో, కాబట్టి చట్టం లెక్కలో డబ్బివ్వాల్సింది స్టూడియోనే. వాళ్ళ పార్టీ ఇచ్చిందా లేదా అన్న ప్రశ్న అందులో లేదు.

గుంటూరు క్యాండిడ్:
నిజమే. నాకూ రెండు స్టూడియోల నుంచి పోయినేడాది శ్రావణం డబ్బులు రావాలి. అడగడానికి మొహమాటం.

తెనాలి స్టూడియో:
నిన్న కోపంలో రాశాను. రాత్రి పుస్తకం తీసి చూశాను. డ్రోన్ అబ్బాయికి 6,000, డిజైన్‌కి 3,600. పొద్దున డ్రోన్ డబ్బులు ఫోన్‌పే చేశాను, డిజైన్ డబ్బులు శనివారం వేస్తాను. కానీ ఫొటోల విషయంలో నా మాట మారదు. నాకు ముట్టకుండా ఒరిజినల్స్ ఇవ్వను.

పెళ్ళికూతురి అన్న:
పోయినవాళ్ళ ఫొటో అడిగితే?

తెనాలి స్టూడియో:
అది ఇస్తాను. కాగితంలో కూడా రాస్తాను.