ఉప్పునీళ్ల ఊళ్లో వేడినీళ్లకి ఏది మేలండి?

మాది కోనసీమలో సముద్రానికి దగ్గర ఊరండి. బోరు నీళ్లు ఉప్పన. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఏడాది పొడుగునా వేడినీళ్లే పోసుకోవాలి.

పెరట్లో కొబ్బరి డొక్కలతో కాగే రాగి బాయిలరుంది. ఖర్చేమీ లేదు గానీ, వానాకాలం డొక్కలు తడిసి పొగ తప్ప మంట రాదు. ఆ పొగకి అమ్మకి ఆయాసం వస్తోంది, అదే నా బెంగ. 25 లీటర్ల కరెంటు గీజరు పెట్టించాం. మొన్న విప్పితే కాయిల్ చుట్టూ తెల్లటి గార పెచ్చు కట్టేసి ఉంది, గోరుతో గీకినా రాలలేదు. గ్యాస్ గీజరు మాత్రం వద్దు. మూసిన బాత్రూంలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలే తీస్తుంది.

ఇక మిగిలినవి సోలారు, హీట్ పంపు. 100 లీటర్లని 25 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే మామూలు గీజరుకి దాదాపు 2.3 యూనిట్లు కాలుతుంది. హీట్ పంపు గాలిలో వేడిని లాక్కుంటుంది కాబట్టి అందులో మూడో వంతు సరిపోవచ్చు, పైగా మన గాలి ఎప్పుడూ వెచ్చనే. కానీ ఉప్పు గాలికి దాని రేకులు తుప్పు పట్టవా?

సోలారులో గాజు గొట్టాలది చవక. మన నీళ్లకి హీట్ ఎక్స్‌ఛేంజరున్న ప్లేటు రకమే (ఉప్పునీళ్లు ప్లేటులోకి పోకుండా, అందులో తిరిగే వేరే ద్రవం వేడితో కాగేది) నయమనిపిస్తోంది. తుఫాను గాలికి డాబా మీద నిలుస్తుందా? ముసురు పట్టిన రోజుల్లో ఏం చేస్తున్నారు?

రాజోలు, అంతర్వేది, నరసాపురం వైపు వాడుతున్నవాళ్లుంటే, గార ఎన్నాళ్లకి కడుతోందో, బాగుచేసే మనిషి దొరుకుతున్నాడో లేదో దయచేసి చెప్పండి.